గుడ్డి గెడ్డ నుంచి చూస్తే

మొన్న ఆదివారం పొద్దున్న మా మనవరాలు ఒక బొమ్మ గీసి తెచ్చి నా ముందు పెట్టింది. పక్కపక్కనే రెండు మూడుమూలల గీతలు, వాటి మధ్య సూర్యుడు, కింద పాములాగ ఒక ఏరు.

"ఇదేటే?" అన్నాను.

"కొండలు అమ్మమ్మా."

"కొండలా? నాను సమోసాలనుకున్నాను."

దానికి కోపం వచ్చింది. బడిలో మేడమ్ గారు కొండను వర్ణించే మాటలు రాసుకు రమ్మన్నారట. పొద్దున్నుంచి పెన్సిల్ కొరుకుతూ కూర్చుని మూడు మాటలు రాసింది. ఎత్తైన, పచ్చని, అందమైన. నాలుగోది రావడం లేదు.

"ఈ మూడు మాటలూ ఎదురింటి పెళ్లికూతురికీ సరిపోతాయి గదే. ఇంక కొండకేటి మిగిలినాది?" అన్నాను.

"అయితే నువ్వే సెప్పు. నీకు సదవడం రాదు గదా!"

రాదు, నిజమే. సంతకం ఒక్కటి మా ఆయన నేర్పాడు. అది నేర్పినవాడు పోయాక ఆ సంతకంతోనే బండి నడిపాను. పలాసలో జీడిపిక్కలు కొట్టి కొట్టి వేళ్లు నల్లబడ్డాయి గాని వాటితో రెండో మాట రాసింది లేదు. అయినా కొండ మాటలంటే మాత్రం నా దగ్గర కొదవ లేదు. ఆయన బతికున్నప్పుడు డాబా మీద బట్టలారేస్తూ కొండ వైపు చూస్తూ నిలబడిపోతే కింద నుంచి కేక వేసేవాడు, "ఓలమ్మో, కొండ ఎక్కడికీ పోదు గాని, పొయ్యి మీద కూర పోతంది!" అని.

అందుకని మనవరాలిని కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్పేది అది రాస్తోంది. నా మాటలను బడి మాటలుగా దిద్దుకుంటానంది, సరే అన్నాను. మనుషులు మాట్లాడుకున్న చోట మాత్రం వేలు పెట్టొద్దన్నాను.

మాది ఉద్దానం. తూర్పున సముద్రం, పడమట కొండ, ఆ రెంటి మధ్య కొబ్బరి, జీడి, పనస తోటలు. ఆ కొండకు పుస్తకాల్లో మహేంద్రగిరి అని పెద్ద పేరుందట. మాకు కొండ అంటే చాలు. పొద్దున్నే తలుపు తీస్తే మొదట కనిపించేది అదే. మంచు తెరలు తెరలుగా ఉంటే 'కొండ దుప్పటి తియ్యలేదు' అనేవాళ్లం. నెత్తి మీద ఒక్క మబ్బు ముక్క నిలిస్తే 'తలపాగా చుట్టింది' అనేవాళ్లం, అంటే సాయంత్రానికి వాన. ఒక్కో రోజు చెట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించేది. అప్పుడు మా నాయనమ్మ 'కొండ దగ్గరికొచ్చినాది, పిడకలు లోపల పెట్టండి' అని కేకలేసేది.

మాఘమాసానికి జీడి పూతకొచ్చేది. తీపి, వగరు కలిసిన ఆ వాసన కప్పుకున్న దుప్పట్లకు కూడా పట్టేది. సరిగ్గా అప్పుడే కొండ మీద చీపురు గడ్డి కంకి వేసేది. మా వీధి ఆడవాళ్లు గుంపుగా కదిలేవాళ్లు. కొండ చీపుర్లు కోసి తెస్తే ఏడాదంతా ఇంటికి వాడుకోవచ్చు, మిగిలినవి సంతలో అమ్ముకోవచ్చు. ఆడపిల్లలందరికీ ఆ గుంపులో కలవాలని ఒకటే ఆరాటం. కానీ మా ఇంట్లో ఎవరు వెళ్లాలో, ఎవరు ఉండిపోవాలో చెప్పేది నాయనమ్మ. ఆవిడ దగ్గర ఒక పరీక్ష ఉండేది.

ఆ పరీక్ష తలంటి రోజున జరిగేది. పెరట్లో కొబ్బరి ఆకుల దడి పక్కన పీట వేసి మమ్మల్ని బోర్లా పడుకోబెట్టేది. మెంతులు వేసి కాచిన కొబ్బరినూనె ఇంకా గోరువెచ్చగా ఉండేది. అరచేతిలో పోసుకుని వీపు మీద ఒక్క చరుపు చరిచి మొదలుపెట్టేది.

"కొండంటే ఏటనుకున్నారే? బోర్లా తొంగున్న మనిసి. ఇది మెడ. రెండు ఎత్తుల మధ్య దిగిన సోటు. అటోళ్లు ఇటు రావాలన్నా, ఇటోళ్లు అటెల్లాలన్నా ఇదే దారి. ఇవి బుజాలు. ఇది ఎన్ను, దీని మీద నడిత్తే గాలి తోసేత్తాది. ఇవి పక్కటెముకలు. ఎముకకీ ఎముకకీ మధ్య పల్లం ఉన్నాదా? ఆ పల్లంలో పారేది గెడ్డ. ఇక్కడ సదునుగా ఉన్నాది గదా, ఇది నడుము. బరువు దించుకుని ఊపిరి తీసుకో."

ఆఖరికి చంకలో వేలు పెట్టేది.

"ఇది సంక. పొద్దెక్కినా ఎండ రాదు, మంచారదు, కాలు జారతాది."

మేము కితకితలకు మెలికలు తిరిగి నవ్వేవాళ్లం. నవ్వితే నూనె చేత్తో ఇంకో దెబ్బ. అడిగిన చోటుకు తప్పు మాట చెబితే కుంకుడు రసం కళ్లలో పడేది. కావాలని పోసేదో చెయ్యి జారి పడేదో గాని, తప్పు చెప్పిన రోజున తప్పకుండా పడేది. అందుకే మా ఇంట్లో పిల్లలకు అ ఆల కంటే కొండ మాటలు ముందు వచ్చాయి.

వచ్చిన మాటలను ఊరికే ఉంచుకుంటామా? దారిన పోయేవాళ్లకు తగిలించేవాళ్లం. మా బడి మాస్టారిది నున్నటి బట్టతల. ఆయన ఎండలో సైకిల్ దిగితే "బోడిగుట్ట మీద పొద్దు పొడిచినాది" అనేవాళ్లం. మా వీధి చివర కొబ్బరికాయల వ్యాపారికి పెద్ద బొజ్జ. పిల్లలం ఆయన్ను చూసి "ఈ కొండకి నడుం లేదొలే!" అని అరిచి పరుగెత్తేవాళ్లం. ఆయన వచ్చి నాయనమ్మకు చెప్పుకున్నాడు. నాయనమ్మ మమ్మల్ని తిట్టింది గాని ఎందుకు తిట్టిందో వినండి. "ఎర్రిమొకాల్లారా, నడుము నేని కొండుంటాదేటి? సరింగా సూసి సెప్పండి!"

వీపు మీద పాఠం అయ్యాక ఇంకో పాఠం ఉండేది. అది తల తుడుస్తూ చెప్పేది.

"ఇదంతా ఇక్కడ నుంచి సూత్తే. మీదకెల్లాక కొండ కనబడదు. కాళ్ల కింద రాయి, మొకం మీద పొద, అంతే. అప్పుడు భయపడకండి. ఎక్కిన ప్రతి సోటా ఓపాలి ఎనక్కి తిరగండి. సముద్రం ఎంతున్నాదో, దాని మీద ఏటున్నాదో, దాని కింద ఏటున్నాదో సూసి గుర్తెట్టుకోండి. మీరు ఎక్కడున్నారో సముద్రాన్నడగాలి గాని కొండనడిగితే సెప్పదు."

నాకు ఆ పాఠం అంతగా పట్టలేదు. వీపు పాఠంలో నవ్వుంది, ఇందులో లేదు.

ఒక ఏడు నేను పరీక్ష గెలిచాను. చెల్లెలు 'మెడ' అనాల్సిన చోట 'భుజం' అని కళ్లు నలుపుకుంటూ ఉండిపోయింది. మా వీధి గుంపుతో కాకుండా, కొండ దగ్గర ఊళ్లో ఉన్న మేనత్తతో పంపుదామని మా నాన్న నన్ను పాసింజరు ఎక్కించి సుమ్మాదేవిలో దించాడు. బొగ్గు నుసి పడి నా కొత్త గౌను చుక్కల గౌను అయింది. స్టేషన్ బయట మా మేనత్త నిలబడి ఉంది. నాన్నకు చెల్లెలు. పట్టాలు దాటి కాస్త నడిస్తే ఆవిడ అత్తవారి ఊరు.

అత్తది చురుకు కాలు, చురుకు నోరు. నడుస్తోందంటే పక్కవాళ్లు పరుగెత్తాలి. నన్ను చూడగానే, "ఏటే గుంటా, సీపుర్లు కోద్దావని వచ్చినావా, సీపురు పుల్లలాగే ఉన్నావు?" అంది.

ఆ ఊరికీ కొండకూ మధ్య ఒక బోడిగుట్ట ఉండేది. ఒక్కటే నల్లరాయి, ఏనుగు కూర్చున్నట్టు. గడ్డి పరక కూడా మొలవదు. గుట్టకు ఇటు ఊరు, రైలు పట్టాలు. అటు కొండ. గుట్టను చుట్టి వెళ్తేనే కొండ పాదం. అంత దగ్గర ఊరు కదా, కొండ ఇంకెంత బాగా కనిపిస్తుందో అనుకుని వచ్చిన నాకు గుట్ట తప్ప ఏమీ కనపడలేదు. దాని వెనక పైన ఎక్కడో కాస్త నీలం.

"అత్తా, బుజాలేవి? నడుమేది?" అని అడిగాను.

అరుగు మీద అత్త వాళ్ల అత్తగారు కూర్చుని ఉంది. అడ్డచుట్ట కాలుస్తోంది. నిప్పు నోట్లోకి, మొదలు బయటికి. మా వైపు ముసలమ్మలందరిదీ అదే అలవాటు. నా మాట విని చుట్ట తీసి నవ్వింది.

"ఓలమ్మ! కొండకి నడుమేటే? మొలతాడు కూడా కట్టినారా మీ ఊర్లో?"

"మా నాయనమ్మ సెప్పినాది."

"మీ నాయనమ్మకేటి తెలుసు? ఉప్పునీటోళ్లు, దూరం నుంచి సూసి మాటలు కడతారు. కొండంటే కాలికి తెలియాలి, కంటికి కాదు. ఎల్లుండి ఎక్కుతావు గదా, అప్పుడు సెప్పు దాని నడుమెక్కడున్నాదో."

నాకు ఏడుపొచ్చింది. అన్నం పెట్టినా అలిగి కూర్చున్నాను. తర్వాత పనసకాయ కూర వాసనకు అలక నిలబడలేదు.

కొండకు వెళ్లిన రోజు ఇంకా చుక్కలుండగానే లేచాం. చోడి అంబలి ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని, ఉల్లిపాయలు, ఎండుచేప ముక్క మూటగట్టుకుని కొడవళ్లతో బయల్దేరాం. ఆడవాళ్ల పాటలు, పోట్లాటలు, ఒకరి అత్త మీద ఒకరు చెప్పుకోవడాలు. గుట్ట చుట్టి జీడిపొదల్లోంచి పోతే మూడు గెడ్డలు వరసగా కొండలోంచి దిగుతాయి. మాతో వచ్చినవాళ్లంతా గెడ్డల జోలికి పోకుండా ఉత్తరంగా కాలిదారిన ఎక్కారు. మా అత్త ఆగిపోయింది.

"అందరూ కోసిన సోట కోత్తే అందరికొచ్చినంతే వత్తాది. రా నాతో," అని నా చెయ్యి పట్టుకుని పొదల్లో దూరింది.

ఎక్కుతూ ఎక్కుతూ చూస్తే నాయనమ్మ అన్నట్టే కొండ మాయమైపోయింది. కాళ్ల కింద రాయి, ముఖం మీద పొద. చెరొక వైపు గోడల్లాంటి ఏటవాలు.

"అత్తా, నడుమొచ్చినాదా?"

"నా నడుమా? అదెప్పుడో ఇరిగిపోనాది," అంది ముందు నుంచి.

దారిలో ఒక చోట చీమల పుట్ట తవ్వేసి ఉంది. పచ్చిమట్టి, గోళ్ల గీతలు. అత్త దాన్ని చూసి నన్ను ముందుకు నడిపించి తను వెనక్కి వచ్చింది. మా ఉద్దానంలో ఎలుగుబంటి పేరు చెబితే మగవాళ్లు కూడా తోటలోంచి లేచి ఇంటికొస్తారు.

పైన చీపురు గడ్డి చూస్తే మాత్రం అత్త అన్నది నిజమే. మనిషి ఎత్తున కంకులు, లేత ఊదారంగులో, గాలికి ఒకేసారి వంగి ఒకేసారి లేస్తున్నాయి. మధ్యాహ్నం దాకా కోశాం. నేను కోసినవి నా పిడికిలిలో పట్టేంత, అత్త కోసినవి తన నడుము చుట్టూ పట్టేంత. అంబలి తాగడానికి కూర్చున్నప్పుడు వేరే పనేమీ లేక నాయనమ్మ మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

అప్పుడే కింద ఎక్కడో పాసింజరు కూత వేసింది.

ఆ చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందు అలాగే ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను.

అంబలి తాగి, నాచు పట్టిన రాయి మీద చేతులు కడుక్కోవడానికి వెళ్లింది అత్త. కాలు జారిందో రాయి దొర్లిందో, పడ్డ చప్పుడు ఒక్కటే విన్నాను. వెళ్లి చూస్తే మోకాలి కింద కాలు పక్కకు తిరిగి ఉంది. లేవబోయింది, కూలబడింది. ముఖమంతా చెమట. నేను పెద్దగా ఏడవడం మొదలుపెట్టాను, కేకలు వేశాను. నా కేకలు రెండు పక్కల గోడలకూ కొట్టుకుని నాకే తిరిగొచ్చాయి.

"అరవకే. గెడ్డలో అరిసిన అరుపు ఎక్కడిదో ఎవులికీ తెలవదు," అంది అత్త పళ్లు బిగించి. కొడవలి దగ్గరికి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. "ఇనుకో. నీళ్ల ఎంట దిగు. నీరు ఒగ్గకు. పాదం కాడికి సేరినాక గుట్ట సుట్టి ఊర్లోకి పరిగెట్టు. మీ మావతో సెప్పు. పొద్దు వాలితే అది నీళ్లకి దిగుతాది. బేగి ఎల్లు."

'అది' అంటే ఏదో అడగలేదు. తవ్విన పుట్ట నాకూ గుర్తుంది. ఇది ఏ గెడ్డో చెప్పాలని ఆ నొప్పిలో అత్తకు తోచలేదు, అడగాలని నాకూ తోచలేదు.

దిగాను. ఎలా దిగానో గెడ్డకే తెలియాలి. కొన్నిచోట్ల కూర్చుని జారాను. పాదం దగ్గర నీరు ఇసుకలో ఇంకిపోయింది, అక్కడి నుంచి జీడిపొదల్లో పడి పరుగెత్తాను. గుట్ట చుట్టి ఊళ్లోకి వచ్చేసరికి కాళ్ల నిండా నెత్తురు. మావ తాళ్లు, గొడ్డలి తీశాడు, పక్కింటి మగవాళ్లు కర్రలు తెచ్చారు. అందరూ నా చుట్టూ నిలబడి ఒక్కటే అడిగారు. ఎక్కడ?

"పక్కటెముకల మధ్య. నడుముకి మీద, మెడకి కింద," అన్నాను.

ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"ఏ గెడ్డే తల్లీ? మూడున్నాయి. సూపించగలవా?" అన్నాడు మావ.

నేను పొదల్లోంచి పడి వచ్చాను. కొండ పాదం దగ్గర నిలబడి చూస్తే మూడూ ఒకేలాగ, చెట్లు కమ్ముకుని ఉంటాయి. ఏది ఎక్కామో, ఏది దిగానో నాకు తెలియదు. మధ్యలో గోడల్లాంటి వాలు, ఒక గెడ్డలోంచి ఇంకో గెడ్డలోకి దాటడం కుదరదు. తప్పు గెడ్డ ఎక్కితే మళ్లీ దిగి రావాలి. అంత పొద్దు లేదు. మూడింటికీ మనుషుల్ని పంచుదామంటే మగవాళ్లలో సగం మంది సంతకు పోయి ఉన్నారు, ఎలుగు తిరిగే చోటికి ఒకడిద్దరు వెళ్లలేరు.

అత్తగారు అరుగు దిగి వచ్చింది. ఈసారి నవ్వలేదు.

"కాళ్ల కింద ఏటున్నాదే? బండా, ఇసకా? నడిత్తే రాళ్లు గలగలలాడినాయా, మెత్తగా దిగినాయా?"

"మెత్తగా... ఆకులు. సల్లగా ఉన్నాది. నాచు."

"అది మూడింట్లోనూ ఉంటాది," అంది. "ఇంకేటి?"

ఇంకేమీ లేదు. మావ విసుక్కుని తాడు భుజాన వేసుకున్నాడు. "నడిమి గెడ్డే ఎక్కుదాం పదండి," అన్నాడు. నలుగురూ కదిలారు. వాళ్ల వీపులు చూస్తుంటే, ఒళ్లో కొడవలి పెట్టుకుని కూర్చున్న అత్త కనిపించింది నాకు. దాంతో పాటు తల తుడిచే నాయనమ్మ చెయ్యి తగిలినట్టయింది. సముద్రాన్నడగాలి.

"మావా! నాను ఎనక్కి తిరిగి సూసినాను!"

"ఏటి సూసినావు?" ఆగాడు.

"సముద్రం పంచె అంచంత ఉన్నాది. దాని కింద కొబ్బరితోటలు. దాని కింద ఈ బోడిగుట్ట నెత్తి. అంతే. ఇంకేటీ నేదు."

"పట్టాలో?"

"నేవు."

"మనూరు కనబడినాదా? ఒక్క ఇల్లయినా?"

"నేదు. పాసింజరు కూతేసినాది గాని రైలు కనబడనేదు. గుట్ట నెత్తి మీద నుంచి పొగొక్కటే లెగిసినాది." అప్పటికి నా ముందు అత్తగారే ఉంది. "గుట్ట నీలాగే సుట్ట కాలుత్తన్నట్టు!"

ఎవరూ నవ్వలేదు. అత్తగారు నోట్లోంచి చుట్ట తీసేసింది.

"గుడ్డి గెడ్డ," అంది. "ఒరే, అది గుడ్డి గెడ్డరా! ఊరికి అది కనబడదు, దానికి ఊరు కనబడదు. గుట్ట అడ్డం. మిగిలిన రెండింట్లోంచి సూత్తే పట్టాలు కనబడతాయి. ఎల్లండి. దక్షిణం పక్కది."

"ఎంత మీద?" అన్నాడు మావ నన్నే చూస్తూ.

"సముద్రం అంచంత. దారమంత కాదు, పంచంత కాదు. ఎక్కుతూ ఎనక్కి తిరిగి సూడు మావా, గుట్ట నెత్తి మీద సముద్రం అంచంత కనబడిన సోటే."

వాళ్లు పరుగెత్తారు. అత్తగారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాళ్లు కడిగి, పచ్చి పసుపు నూరి రాసింది. మంటకు కాళ్లు లాక్కుంటే గట్టిగా పట్టుకుంది.  గుట్ట మీద ఎండ ఎర్రబడింది, తర్వాత ఊదాగా మారింది. అప్పుడు అడిగింది, నన్ను చూడకుండా.

"మీ నాయనమ్మ ఇంకేటేటి నేర్పినాదే?"

నేను మొత్తం చెప్పాను. మెడ, భుజాలు, వెన్ను, ఒక్కొక్కటి ఆవిడ వీపు మీదే వేలు పెట్టి చూపించాను. చంక దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కూడా మెలిక తిరిగింది. "సంకా! నిజమే, అక్కడ మంచారదు," అంది.

దీపాలు పెట్టే వేళకు గుట్ట మలుపులో కేకలు వినిపించాయి. కర్రలకు దుప్పటి కట్టి ఉయ్యాలలాగ అత్తను మోసుకొస్తున్నారు. బతికే ఉంది, నోరు అంతకంటే బతికి ఉంది. "మెల్లగా నడవరా, నానేటి వరి మోపునా?" అని తిడుతోంది. వెనక ఒక మనిషి తల మీద చీపుర్ల మోపు. మోపు కూడా తెస్తేనే గాని తను దుప్పటి ఎక్కనని మొండికేసిందట. మావ అన్నీ వదిలేసి ముందు నా దగ్గరికి వచ్చి, "అంచంతే ఉన్నాదే తల్లీ," అన్నాడు. "గుట్ట మీదకి సముద్రం అంచంత లెగిసిన సోటే మీ అత్త కూకున్నాది."

కాలికి కట్టు కట్టి చాన్నాళ్లు మంచాన పెట్టారు. తర్వాత కాస్త ఈడ్చి నడిచేది, అయినా పక్కవాళ్లు ఆవిడతో సమానంగా నడవలేకపోయేవాళ్లు. మరుసటేడు మళ్లీ కొండెక్కింది. ఎవరెన్ని చెప్పినా గుడ్డి గెడ్డకే వెళ్లింది. గడ్డి అక్కడే బాగుంటుందట.

జీడిపళ్లు రాలే రోజుల్లో అత్తగారు మా ఊరు వచ్చింది. వియ్యపురాళ్లిద్దరూ మా అరుగు మీద చెరో చివర కూర్చున్నారు. మామిడిపండు కంటే ఘాటైన జీడిపండు వాసన, అందులో రెండు అడ్డచుట్టల పొగ.

"నీ నడుమూ మెడా మాకు పనికి రానేదు వదినా," అంది ఆవిడ. "నీ సముద్రమే పనికొచ్చినాది."

"నీ కాలి మాటలూ పనికి రానేదట గదా, విన్నాను," అంది నాయనమ్మ.

"కాలి మాటలు ఎక్కేటప్పుడు. నీ గుంటలకి ఎవులూ నేర్పనేదు, అందుకే నా కోడలు నాచు మీద కాలేసినాది."

"నీ కోడలు నా కూతురే. నీ ఇంటికొచ్చి ఇన్నాళ్లయినాది, నువ్వు నేర్పనేదేటి?"

 నాయనమ్మ చుట్ట దులిపి, "సెప్పు మరి. అవేటో ఇందాం," అంది.

ఆ ఏడాది నుంచి తలంటి పాఠం పొడుగయింది. వీపు అయ్యాక కాళ్లు పైకెత్తమనేది. అరికాలి మీద నూనె రాస్తూ కొత్త మాటలు చెప్పేది. గలగల రాయి, అంటే అడుగేస్తే దొర్లేది, మడమ ముందు పెట్టాలి. తడి నలుపు, అంటే ఎండలో కూడా మెరిసే బండ, దాని మీద అడుగే వద్దు. డొల్ల నేల, కింద ఖాళీ ఉన్నట్టు చప్పుడొచ్చేది, కర్రతో పొడిచి చూడాలి. అరికాలి కితకితలు చంక కితకితల కంటే ఎక్కువ. దెబ్బలూ ఎక్కువే తిన్నాం.

ఆ పీట లేదు, కొబ్బరాకుల దడి లేదు, ఆ ముసలమ్మలిద్దరూ లేరు. అత్త కూడా వెళ్లిపోయింది, ఆఖరి రోజుల్లో కూడా నన్ను 'సీపురు పుల్లా' అనే పిలిచేది. పొగ రైలు పోయింది. మొన్న బజారులో చూస్తే చీపురు కూడా ప్లాస్టిక్కే.

మనవరాలు ఇంతవరకు రాసి పెన్సిల్ పక్కన పెట్టింది.

"ఆ బోడిగుట్ట సూపిత్తావా అమ్మమ్మా?"

కూర మాడుతోందని లేచి వంటింట్లోకి పోయాను.

ఈ మిగతాది ఇవాళ దాని చేతే రాయిస్తున్నాను. నిన్న కంచిలిలో మా చెల్లెలి మనవడి అన్నప్రాసన. పలాసలో రైలెక్కి పడమటి కిటికీ దగ్గర దాన్ని కూర్చోబెట్టాను. పట్టాల పక్కన పచ్చని చేలు, తోటలు వెనక్కి పోతున్నాయి. సుమ్మాదేవి దగ్గరపడ్డాక నేను చూపు తిప్పుకుని సంచిలో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను. ఎందుకంటే అక్కడ గుట్ట లేదని నాకు తెలుసు. ఆ నల్లరాయి మీద ఎవరి కన్నో పడింది. ఏళ్ల తరబడి కోశారు. మెట్లు మెట్లుగా కోసి, పలకలు చేసి, లారీలకెత్తారు. ఎవరి ఇంటి గచ్చయిందో, ఏ ఊళ్లో దాని మీద చెప్పులేసుకుని తిరుగుతున్నారో. గుట్ట ఉన్న చోట ఇప్పుడు లోతైన గొయ్యి, అందులో ఆకుపచ్చ నీళ్లు.

"అమ్మమ్మా!" నా చెయ్యి పట్టి లాగింది. "అదే గదా? ఆ రెండు పక్కటెముకల మధ్యలోది. దక్షిణం పక్కది. నడుముకి మీద, మెడకి కింద. గుడ్డి గెడ్డ అదే గదా?"

తలెత్తి చూశాను. నా చిన్నతనంలో రైల్లోంచి ఎన్నిసార్లు చూసినా ఆ చోట నల్లరాయే కనిపించేది. ఇప్పుడు గొయ్యి మీదుగా చూపు తిన్నగా పోయి కొండకు తగిలింది. గెడ్డ అడుగు నుంచి పై దాకా, రెండు గోడలూ, పైన ఎక్కడో లేత ఊదారంగు మరక, చీపురు గడ్డి కావచ్చు. మా అత్త కొడవలి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న చోటు, మూడు గెడ్డల్లో ఏదో నేను చూపించలేకపోయిన చోటు, రైల్లో పల్లీలు తింటున్న వాళ్లందరికీ కిటికీలోంచి కనిపిస్తోంది. వేలు పెట్టి చూపించింది నేను కాదు. ఎప్పుడూ కొండెక్కని పిల్ల.

"నాను సెప్పనేదు గదే, ఎలగ పట్టినావు?"

"నువ్వు సెప్పినావు గదా మొన్నంతా." అది ఇంకా కిటికీకే అతుక్కుని ఉంది. "అయితే అది ఇంక గుడ్డిది కాదమ్మమ్మా. ఇప్పుడు దానికి మన రైలు కనబడతాది."

సంచిలోంచి తన కాగితం తీసుకుంది. 'అందమైన' అన్న మాట కొట్టేసి, దాని కింద ఏదో రాసింది. ఏం రాశావే అంటే చదివి వినిపించింది. "కళ్లు తెరిచిన."

కాసేపు దాన్నే చూసుకుని, "ఇలాటి మాట మేడమ్ ఒప్పుకుంటాదంటావా?" అంది.

"ఒప్పుకోకపోతే మీ మేడమ్ గారిని ఈ రైలెక్కమను. పడమటి కిటికీ కాడ కూకోమను," అన్నాను.